ఐదు స్పామ్ రిపోర్టులు, ఒక మీటర్ స్టిక్కర్: అద్దె ఇళ్ల సైట్‌లో ఒక కేస్ స్టడీ

శనివారం పొద్దున పదిన్నరకి ఫోన్ మోగింది. తెలియని నంబరు. అవతల ఒక పెద్దావిడ.

"బాబూ, నిజాంపేట నుంచి మాట్లాడుతున్నాను. మా ఇల్లు కనబడటం లేదంటున్నారు. నేనేం తప్పు రాశానో చెబితే దిద్దుకుంటాను."

ఇల్లు కనబడకపోవడమేమిటా అని ఒక్క క్షణం బుర్ర తిరిగింది. తర్వాత అర్థమైంది. పై అంతస్తు పోర్షన్ అద్దెకిస్తామని ఆవిడ ముందురోజు రాత్రి మా సైట్‌లో పోస్టు పెట్టారు. తెల్లారేసరికి అది జాబితాలోంచి పోయింది. లింకు ఉన్నవాళ్లు తెరిస్తే, సభ్యులు రిపోర్ట్ చేసినందున ఈ పోస్టును ప్రస్తుతానికి దాచాం అన్న ఒక్క వాక్యం కనబడుతోంది. హెల్ప్ పేజీలో ఉన్న నా నంబరు వాళ్లబ్బాయి వెతికిచ్చాడట.

"మీరేం తప్పు రాసి ఉండరు ఆంటీ, చూసి చెప్తాను" అన్నాను. పైకి అలా అన్నానే గానీ, ఐదుగురు రిపోర్ట్ చేశారంటే ఏదో ఉండే ఉంటుందని లోపల అనుకుంటూనే ఉన్నాను. ఆ అనుకోవడమే అంతకు ముందు రెండు రోజుల్లో మా కొంప ముంచిందని ఇంకో గంటలో తెలిసింది.

సైట్ సంగతి

హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతుక్కునేవాళ్ల కోసం నడిపే చిన్న వేదిక మాది. ఓనర్లు నేరుగా పెడతారు, ఖాళీ చేస్తున్నవాళ్లు పెడతారు, ఫ్లాట్‌మేట్ కావాల్సినవాళ్లు పెడతారు. బ్రోకర్లకి ప్రవేశం లేదు. మన ఊళ్లో బ్రోకర్ ద్వారా వెళ్తే మామూలుగా పదిహేను రోజుల అద్దె నుంచి నెల అద్దె దాకా సమర్పించుకోవాలి. అది తప్పించుకోవడానికే జనం మా దగ్గరికి వస్తారు. "మంజీరా నీళ్లు వస్తాయా, బోరా?", "బ్యాచిలర్స్‌కి ఇస్తారా?", "మెయింటెనెన్స్ కలిపా, విడిగానా?" ఇవీ ఇక్కడి రోజువారీ చర్చలు.

మోడరేటర్లం ముగ్గురం. నేను పగలు మాదాపూర్‌లో టెస్టింగ్ ఉద్యోగం చేస్తాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ట్యూషన్లు చెప్పే ఆయన ఒకరు, ఆయన్ని మేం సార్ అంటాం. ఇంకో అమ్మాయిది మణికొండ, నైట్ షిఫ్ట్. ఎవరికీ జీతం లేదు. ఇళ్లు మారిన అనుభవం మాత్రం ముగ్గురికీ దండిగా ఉంది.

నియమాలు ఆరే. బ్రోకర్ పోస్టులు కుదరవు. ఇల్లు చూపించకముందు టోకెన్ అడగకూడదు. కులం, మతం పేరెత్తి ఫలానావాళ్లకే అని రాయకూడదు. వేరేవాళ్ల ఫోన్ నంబరు వాళ్లనడగకుండా పెట్టకూడదు. ఒకే ప్రకటన రోజూ పెట్టకూడదు. బూతులు వద్దు.

సైట్‌ని డిస్కోర్స్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద నడుపుతున్నాం. అందులో ప్రతి పోస్టు కింద చిన్న జెండా బొమ్మ ఉంటుంది. మామూలుగా అది మూడు చుక్కల వెనక దాక్కుని ఉంటుంది, నొక్కితేనే బయటికొస్తుంది. జెండా నొక్కితే కారణం అడుగుతుంది: విషయానికి సంబంధం లేనిది, అభ్యంతరకరం, స్పామ్, లేదా "మరేదో". మొదటి మూడింట్లో ఏదో ఒకటి ఎంచుకుంటే అంతే, రాయాల్సిందేమీ లేదు. "మరేదో" ఎంచుకుంటే మాత్రం ఒక పెట్టె తెరుచుకుంటుంది. అందులో రాసింది మోడరేటర్లకి నేరుగా వస్తుంది.

ఈ కేసంతా ఆ రెండు దారుల మధ్య తేడా మీదే నడిచింది కాబట్టి కాస్త వివరంగా చెప్పక తప్పదు. స్పామ్ అని, అభ్యంతరకరం అని నొక్కినవాళ్లు కొందరు పోగైతే, మేం నిద్రపోతున్నా సరే సాఫ్ట్‌వేరే ఆ పోస్టుని దాచేస్తుంది. రాసినవాళ్లకి ఒక మెసేజ్ వెళ్తుంది, పది నిమిషాలు ఆగి దిద్దుకుంటే పోస్టు మళ్లీ కనబడుతుంది. ఆంటీకీ ఆ మెసేజ్ వెళ్లింది, ఈమెయిల్‌కి. ఆవిడ ఈమెయిల్ తెరవరు. "మరేదో" దారిలో వచ్చిన రిపోర్టు ఎంత వివరంగా ఉన్నా సరే, దానంతటదే దేన్నీ దాచదు. మనిషి వచ్చి చదివేదాకా అలా కూర్చుంటుంది.

నోరు విప్పనివాళ్ల మాట వెంటనే చెల్లుతుంది, విప్పినవాళ్లది ఆగుతుంది. నిజం చెప్పాలంటే, రెండేళ్లుగా సైట్ నడుపుతూ ఈ సంగతి నేనెప్పుడూ ఈ కోణంలో ఆలోచించలేదు.

శనివారం నాటి క్యూ

క్యూ తెరిచాను, అంటే వచ్చిన రిపోర్టులన్నీ మోడరేటర్లకి వరుసగా కనబడే జాబితా. పైన ఆంటీ పోస్టు, స్కోరు బాగా ఎక్కువ. ఎందరు నొక్కారు, ఎలాంటి ఖాతాలు నొక్కాయి అన్నది చూసి సాఫ్ట్‌వేర్ వేసే లెక్క ఆ స్కోరు. ఐదుగురూ స్పామ్ అనే నొక్కారు. పోస్టులో ఏముందా అని చదివాను: "నిజాంపేట రోడ్డుకి దగ్గర, పై అంతస్తు, రెండు గదులు, వంటిల్లు, అద్దె 13 వేలు, రెండు నెలల అడ్వాన్స్, ఈస్ట్ ఫేసింగ్, చిన్న ఫ్యామిలీకి ప్రాధాన్యం, బ్రోకర్లు ఫోన్ చేయవద్దు." నాలుగు ఫోటోలు. వంటింటి కిటికీలోంచి వెనక డాబా, డాబా మీద పసుపు రాసిన తులసికోట. ఇందులో స్పామ్ ఏముంది?

ఇంకా తేల్చకుండానే క్యూ కిందికి జరిపాను. అలవాటు, అంతే. అట్టడుగున, చాలా తక్కువ స్కోరుతో, ఒకే ఒక్క రిపోర్టు. గురువారం రాత్రిది. మియాపూర్ మెట్రోకి నడిచే దూరంలో టూ బీహెచ్‌కే, 14 వేలకే అన్న పోస్టు మీద. రిపోర్ట్ చేసింది కొత్త సభ్యురాలు. ఇలా రాసింది:

"మూడో ఫోటో పెద్దది చేసి చూడండి. మెట్ల కింద మీటర్ల దగ్గర బెస్కామ్ అని స్టిక్కర్ ఉంది. నేను రెండేళ్లు బెంగళూరులో పీజీలో ఉన్నాను, అక్కడి బిల్లు మీద అదే పేరు. మియాపూర్‌లో ఆ మీటర్ ఎందుకుంటుంది? ఫోన్ చేస్తే, ఆర్మీలో ఉన్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, ఇల్లు చూడాలంటే గేట్ పాస్ కోసం ముందు 5 వేలు వేయండి అన్నాడు."

ఫోటో పెద్దది చేశాను. ఉంది. బూడిద రంగు డబ్బా, దాని మీద సగం చిరిగిన స్టిక్కర్. మన హైదరాబాద్‌కి కరెంటిచ్చేది తెలంగాణ దక్షిణ డిస్కమ్. బెస్కామ్ బెంగళూరుది. పార్కింగ్‌లో కర్ణాటక నంబరు బండి కనబడితే పట్టించుకోనక్కర్లేదు, కొండాపూర్‌లో ఏ సెల్లార్‌కి వెళ్లినా నాలుగుంటాయి. కానీ మీటర్ ఊరు మారి రాదు కదా.

పోస్టు అప్పటికప్పుడు తీసేశాను. ఆ పోస్టు కింద వ్యాఖ్యలు చూస్తే ఇంకో దెబ్బ. ఖమ్మం నుంచి గచ్చిబౌలిలో కొత్తగా ఉద్యోగానికి వచ్చిన కుర్రాడు శుక్రవారం సాయంత్రం "టోకెన్ పే చేశాను బ్రో, ఫోన్ ఎత్తట్లేదు" అని రాశాడు. అంటే ఆ అమ్మాయి మాకు చెప్పిన తర్వాత దాదాపు ఒక రోజంతా ఆ పోస్టు కళ్లెదుటే ఉంది. అదే సమయంలో ఏ తప్పూ లేని నిజాంపేట పోస్టు మాత్రం నిమిషాల్లో మాయమైంది.

కుర్రాడికి ఫోన్ చేశాను. ముందు 1930కి చెయ్యి తమ్ముడూ అన్నాను. అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. మొదట్లో 155260 అని ఉండేది, తర్వాత 1930 అయింది. ఎంత తొందరగా చెబితే డబ్బు వెళ్లిన ఖాతాని ఆపించే అవకాశం అంత ఎక్కువ. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టమన్నాను. తన దగ్గరున్న యూపీఐ లావాదేవీ నంబరు అందులో రాయమని చెప్పి, ఆ మోసగాడి ఫోన్ నంబరు, మా సైట్‌లోని పోస్టు స్క్రీన్‌షాట్ నేను పంపాను. ఈ చివరిది ముఖ్యం. తీసేసిన పోస్టు మోడరేటర్లకి కనబడుతూనే ఉంటుంది గానీ మోసపోయినవాడికి కనబడదు. కోపంలో తీసేసి చేతులు దులుపుకుంటే సాక్ష్యం కూడా వాడి చేతిలోంచి జారిపోతుంది. ఫిర్యాదు నంబరైతే వచ్చింది. డబ్బు మాత్రం అప్పటికే ఆ ఖాతా దాటి వెళ్లిపోయిందట.

తర్వాత మళ్లీ ఆంటీ పోస్టు దగ్గరికి వచ్చాను. ఈసారి పోస్టుని వదిలేసి, రిపోర్ట్ చేసిన ఐదు ఖాతాలూ ఒక్కొక్కటే తెరిచాను.

ఐదూ పదకొండు నిమిషాల తేడాలో నొక్కారు, అదీ రాత్రి పన్నెండు తర్వాత. ఐదు ఖాతాలూ ఒకే వారంలో పుట్టాయి. ఒక్కరూ ఒక్క పోస్టూ రాయలేదు. డిస్కోర్స్‌లో సభ్యులకి నమ్మకం స్థాయిలు ఉంటాయి, సున్నా నుంచి నాలుగు దాకా. సున్నాలో ఉన్నవాళ్లు జెండా నొక్కలేరు. ఒకటికి రావాలంటే ఐదు చర్చలు తెరవాలి, ముప్పై పోస్టులు చదవాలి, మొత్తం పది నిమిషాలు గడపాలి. వీళ్లు సరిగ్గా అంతే చదివారు, ఒక్క పోస్టు ఎక్కువ లేదు. అప్పటిదాకా వాళ్లు జెండా నొక్కినవన్నీ బయటికి తీశాను. నిజాంపేట, ప్రగతినగర్, బాచుపల్లి తప్ప వేరే ఏరియా లేదు. అన్నీ "బ్రోకర్లు ఫోన్ చేయవద్దు" అని రాసిన ఓనర్లవే.

అందులో కొన్నింటికి మేమే "ఒప్పుకుంటున్నాం" నొక్కి ఉన్నాం. అందులో రెండు నావి. పనిలో పనిగా, జనం అంటున్నారు కదా అని. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. మేం ఒప్పుకున్న కొద్దీ సాఫ్ట్‌వేర్ ఆ ఖాతాల మాటకి బరువు పెంచుతుంది. ఆంటీ పోస్టు ఐదు నొక్కులకే దాక్కోవడంలో మా చేతి చలవ కూడా ఉందన్నమాట.

ఇది బ్రోకర్ల పనేనన్న అనుమానం రూఢి కావడానికి ఎక్కువ సేపు పట్టలేదు. ఆంటీ పోస్టుని తిరిగి పెట్టిన అరగంటకి ఆ ఐదుగురిలో ఒకరు ఖాతా మార్చుకోవడం మర్చిపోయి ఆవిడకే మెసేజ్ పెట్టారు: "మేడమ్, సైట్‌లో మీ యాడ్ నిలవదు, మాకిస్తే వారంలో ఫ్యామిలీని తెస్తాం." ఆవిడ ఆ మెసేజ్ ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపారు. ఫోన్ స్క్రీన్‌ని ఇంకో ఫోన్‌తో తీసిన ఫోటో. పక్కన కాఫీ గ్లాసు కూడా పడింది.

సెట్టింగ్ మార్చేద్దామా

ఆ రాత్రి ముగ్గురం కాల్‌లో కూర్చున్నాం. మణికొండ అమ్మాయి ప్రతిపాదన సూటిగా ఉంది: జెండా నొక్కే హక్కుని రెండో స్థాయికి పెంచేద్దాం, ఇలాంటి దొంగ ఖాతాలు అక్కడిదాకా రాలేవు.

మామూలు వేదికల్లో అది సరైన మందే. మా దగ్గర పనిచేయదని నా వాదన. రెండో స్థాయికి రావాలంటే కనీసం పదిహేను రోజులు సైట్‌కి రావాలి, వంద పోస్టులు చదవాలి, మూడు చర్చల్లో జవాబులు రాయాలి, ఇంకా కొన్ని ఉన్నాయి. ఇల్లు వెతుక్కునేవాడు మా దగ్గర ఎన్నాళ్లుంటాడు? ఇల్లు దొరికిన రోజే వెళ్లిపోతాడు. వారం, మహా అయితే పది రోజులు. మోసం ఎదురయ్యేది వాళ్లకే, ఫోన్ చేసి టోకెన్ మాట వినేదీ వాళ్లే. మీటర్ స్టిక్కర్ చూసిన అమ్మాయి చేరి నాలుగు రోజులే అయింది. మరి మా సైట్‌లో ఏళ్ల తరబడి రోజూ ఉండేదెవరు? బ్రోకర్లు. ఆ స్థాయి పెంచితే మోసం చూసినవాళ్ల నోరు మూసి, బ్రోకర్ల చేతికి తాళాలిచ్చినట్టవుతుంది.

సార్ కాసేపు ఆలోచించి, "అయితే దాచే పని సాఫ్ట్‌వేర్‌కి తగ్గిద్దాం, చదివే పని మనం పెంచుకుందాం" అన్నారు. అదే చేశాం. తనంతట తాను దాచడానికి కావాల్సిన స్కోరు బాగా పెంచాం. బూతులు, ఎవరిదైనా నంబరు బయట పెట్టడం లాంటివాటికి మాత్రం ఎదురుచూడం. ముగ్గురిలో ఎవరు చూసినా ముందు దాచడం, తర్వాత మాట్లాడుకోవడం. ఒకసారి ఒకమ్మాయి నంబరు మీద పిచ్చి వ్యాఖ్య రాసి పెట్టారు. రెండు నిమిషాల్లో తీశాం, అయినా అప్పటికే ఆమెకి మూడు కాల్స్ వచ్చాయి.

క్యూ చూసే క్రమాన్ని కూడా తిప్పేశాం. ముందు మాటలున్న రిపోర్టులు, ఆ తర్వాతే నొక్కుళ్లు. స్కోరు వైపు చూడం. ఉద్యోగానికి వెళ్లే దారిలో మెట్రోలో నేను, మధ్యాహ్నం ట్యూషన్లు మొదలయ్యేలోపు సార్, రాత్రి షిఫ్ట్ బ్రేక్‌లో ఆ అమ్మాయి. ఇరవై నాలుగు గంటల్లో ప్రతి రిపోర్టుకీ అందిందన్న జవాబు వెళ్లాలని పెట్టుకున్నాం. ఆ లెక్క మా సొంతం కాదు. 2021లో కేంద్రం ఐటీ నిబంధనలు తెచ్చినప్పుడు, ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి అని పెట్టింది. మొదటిది తీసుకున్నాం. ఇల్లు వెతుక్కునేవాడికి పదిహేను రోజులంటే యుగం, కాబట్టి రెండోది మాకు పనికిరాదు.

రిపోర్ట్ ఎలా చేయాలో చెప్పడం

ఇది తేలికనుకున్నాం. అన్నిటికంటే ఎక్కువ తిప్పలు ఇదే పెట్టింది.

అసలు సమస్య ఏమిటంటే, మా సభ్యుల్లో చాలామంది జెండా నొక్కరు. తప్పుడు పోస్టు కనబడగానే దాని కిందే "అడ్మిన్ గారూ ఇది చూడండి", "ఫేక్ ఫేక్ ఫేక్" అని రాస్తారు. మంచి మనసుతోనే. కానీ జవాబు పడిన ప్రతిసారీ ఆ పోస్టు జాబితాలో పైకొస్తుంది. పదిమంది హెచ్చరిస్తే పదిసార్లు పైకొస్తుంది. పై వరుసలో ఉన్నదాన్ని కొత్తగా వచ్చినవాడు ముందు చూస్తాడు, కింద వ్యాఖ్యలు చదవకుండానే ఫోన్ చేస్తాడు. మియాపూర్ పోస్టుకి అదే జరిగింది.

మొదట నేను రాసిన సూచన ఇది: "నియమావళిని ఉల్లంఘించే పోస్టులను సభ్యులు మోడరేటర్ల దృష్టికి తీసుకురాగలరు." సార్ చదివి, "ఇది జిల్లా కలెక్టర్ గారి నోటీసులా ఉంది" అన్నారు. నిజమే. ఉల్లంఘన అన్న మాట చూసి భయపడ్డవాళ్లూ ఉన్నారు, రిపోర్ట్ చేస్తే తమ పేరు అవతలివాళ్లకి వెళ్తుందేమోనని. వెళ్లదు. మోడరేటర్లకి తెలుస్తుంది, పోస్టు పెట్టినవాళ్లకి తెలియదు. ఆ ముక్క మా సూచనలో లేనేలేదు.

మూడుసార్లు మార్చాక నిలిచింది ఇది: "తేడాగా అనిపించిందా? కింద జవాబు రాయకండి, పోస్టు పైకొస్తుంది. మూడు చుక్కలు నొక్కి, జెండా నొక్కి, 'మరేదో' ఎంచుకోండి. ఏ ఫోటో, ఏ లైను, మీకెలా తెలిసింది అన్నది రాయండి. తెలుగైనా ఇంగ్లిషైనా, అచ్చుతప్పులున్నా పర్వాలేదు. మీ పేరు వాళ్లకి తెలియదు." దాని కింద మీటర్ స్టిక్కర్ రిపోర్టుని, ఆ అమ్మాయిని అడిగి, పేరు తీసేసి నమూనాగా పెట్టాం. సూచన కంటే ఆ నమూనా బాగా పనిచేసింది. జనం ఫోటోలు పెద్దవి చేసి చూడటం మొదలుపెట్టారు. ఒకాయన ఫోటోలోని గోడ క్యాలెండర్ చూసి నెల తేడాగా ఉందని రాశాడు. ఇంకొకావిడ, ఆ లైన్లో మంజీరా కనెక్షనే లేదు, నేను ఆ వీధిలోనే ఉంటాను అని రాసింది.

రిపోర్ట్ చేసినవాళ్లకి జవాబివ్వడం కూడా అప్పుడే మొదలుపెట్టాం. రెండు లైన్లు: చూశాం, తీశాం. లేదా చూశాం, ఉంచాం, ఎందుకంటే ఇదీ. బెస్కామ్ అమ్మాయికి నేను ఆలస్యానికి సారీ చెబుతూ రాస్తే, "రెండు రోజులు చూసి, మీరూ వాళ్లతో కుమ్మక్కేమో అనుకున్నాను అన్నా" అని తిరిగి రాసింది. నాకు అది గట్టిగా తగిలింది.

ఉంచాం అని చెప్పడం అన్నిసార్లూ సులువు కాదు. "వెజిటేరియన్స్ ఓన్లీ" అన్న పోస్టుల మీద ప్రతి వారం రిపోర్టులు వస్తాయి. కులాన్ని ఇంకో పేరుతో అడుగుతున్నారని రాస్తారు. చాలాసార్లు వాళ్లు చెప్పేది నిజమేనని నా ఉద్దేశం. కానీ మా నియమం కులం, మతం పేరెత్తడం వరకే. ఇంట్లో వండే దాని మీద ఓనర్ షరతుని మేం తీసేయడం లేదు. ఈ విషయంలో నాకూ సార్‌కీ పొసగదు. ప్రస్తుతానికి సార్ మాట నెగ్గింది. రిపోర్ట్ చేసినవాళ్లకి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పేస్తున్నాం.

ఐదు ఖాతాలనీ నిలిపేశాం. బ్రోకర్లు ఆగారా అంటే, దారి మార్చారు. మాటలకి విలువిస్తున్నామని వాళ్లకీ తెలిసింది. ఇప్పుడు చక్కగా రాస్తున్నారు: "ఈ ఫ్లాట్ ఆల్రెడీ రెంట్ అయిపోయింది, ఓనర్‌తో మాట్లాడాను." మొదట్లో రెండు పోస్టులు అలా తీసి నాలిక కరుచుకున్నాం. ఇప్పుడు అలాంటి రిపోర్టు వస్తే ముందు ఓనర్‌కే ఫోన్ చేస్తాం. పని పెరిగిన మాట నిజం.

నిజాంపేట ఆంటీ ఇల్లు ఆ నెలలోనే ఒక ఫ్యామిలీకి వెళ్లింది. మళ్లీ ఆవిడ పేరు చూడనేమో అనుకున్నాను. మొన్న మెట్రోలో అమీర్‌పేట దాటాక క్యూ తెరిస్తే, పైనే ఉంది, "మరేదో" కింద. వేరే ఎవరో బాచుపల్లి పేరుతో పెట్టిన పోస్టు మీద ఆవిడ రాసిన రిపోర్టు:

"ఇది మా ఇల్లు. బాచుపల్లి కాదు. రెండో ఫోటోలో కిటికీలోంచి కనపడే తులసికోట మాది, కుడివైపు అంచు విరిగి ఉంటుంది చూడండి. అద్దె 16 వేలని రాశాడు, మేమిచ్చింది 13కి. ఇంట్లో మనుషులు ఉన్నారు. కావాలంటే ఫోన్ చెయ్యి బాబూ, పైకెళ్లి ఫోటో తీసి పంపుతాను."

ఫోటో పెద్దది చేశాను. కుడివైపు అంచు విరిగే ఉంది.